హై ఫ్లక్స్ డయలైజర్ కొనాలా? కవిటి నుంచి వచ్చిన ప్రశ్నకు జవాబు

మీరు రాసిన సంగతులను ముందు క్లుప్తంగా చెబుతాను, మిగతావారికీ విషయం తెలియాలి కదా. మీ నాన్నగారికి 54 ఏళ్లు, బరువు 46 కిలోలు. కవిటి దగ్గర కొబ్బరి, జీడి తోటల్లో పని. ఏడాదిగా దగ్గరలోని ప్రభుత్వ కేంద్రంలో వారానికి రెండుసార్లు ఉచితంగా డయాలసిస్ జరుగుతోంది, ఒక్కోసారి మూడున్నర గంటలు. ఒళ్లంతా దురద, అన్నం సహించదు, రాత్రి నిద్ర పట్టదు. విశాఖపట్నంలో ఉంటున్న మీ బావగారు "అక్కడ వాడేది నాసిరకం ఫిల్టర్, హై ఫ్లక్స్ కొని పట్టుకెళ్లండి" అన్నారు. మీరు రెండు కొన్నారు కూడా. ఇక నెలనెలా అప్పు చేసైనా కొనాలా అని అడుగుతున్నారు. ఇదివరకు ప్రైవేటు ఆసుపత్రిలో ఒకే డయలైజర్‌ను (యంత్రానికి తగిలించే, రక్తాన్ని వడకట్టే ఫిల్టర్) కడిగి మళ్లీ మళ్లీ వాడారని, దానివల్ల ఏమైనా చెడు జరిగి ఉంటుందా అని మరో అనుమానం.

నేను డయాలసిస్ టెక్నీషియన్‌ని. ఉద్యోగమంతా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో యంత్రాల పక్కనే గడిచింది. డాక్టర్ని కాను కాబట్టి మందులు మార్చమనో మానమనో చెప్పను. ఏ డయలైజర్ ఎవరికి, ఎందుకు పెడతారో మాత్రం చెప్పగలను.

ముందుగా అసలు జవాబు: ఇంకా కొనకండి. మీ నాన్నగారి విషయంలో డయలైజర్ రకం మూడో సంగతి. మొదటిది డయాలసిస్ మీద గడిపే సమయం. రెండోది ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం చేతిలో ధమనినీ సిరనూ కలిపి చేసిన మార్గం) నుంచి యంత్రానికి వచ్చే రక్తం వేగం. ఈ రెండూ సరిగ్గా లేనిచోట ఎంత ఖరీదైన డయలైజర్ పెట్టినా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. బావగారు చెప్పింది పూర్తిగా తప్పని అనను. హై ఫ్లక్స్‌కు ఉపయోగం ఉంది. అయితే ఆయన చివర చేయాల్సిన పనిని మొదట చేయమన్నారు.

డయలైజర్ లోపల దాదాపు పదివేల సన్నని గొట్టాలు ఉంటాయి. ఒక్కోదాని లోపలి వెడల్పు మిల్లీమీటరులో ఐదో వంతు. రక్తం వాటి లోపల, డయాలసిస్ ద్రవం వాటి బయట, ఎదురెదురు దిశల్లో ప్రవహిస్తాయి. గొట్టం గోడే పొర. ఆ పొర ఒక జల్లెడ; లో ఫ్లక్స్‌కూ హై ఫ్లక్స్‌కూ తేడా దాని రంధ్రాల పరిమాణంలోనే ఉంది. యూరియా అణుభారం 60, క్రియాటినిన్ 113. పొటాషియం అంతకన్నా చిన్నది, 39. ఈ మూడూ లో ఫ్లక్స్ పొరలోంచి కూడా హాయిగా దాటిపోతాయి. దాటలేనివి పెద్ద అణువులు. వాటిలో ముఖ్యమైనది బీటా 2 మైక్రోగ్లోబ్యులిన్, దాని అణుభారం దాదాపు 11,800. లో ఫ్లక్స్‌లో అది ఇంచుమించు కదలదు, హై ఫ్లక్స్‌లో దాటుతుంది. శరీరానికి కావలసిన ఆల్బుమిన్ అనే మాంసకృత్తు అణుభారం 66 వేలకు పైన ఉంటుంది కాబట్టి మంచి హై ఫ్లక్స్ పొరలోంచి కూడా దాదాపుగా బయటికి పోదు.

అంటే ఈ నెల రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎక్కువ ఉందనో, పొటాషియం 6 దాటిందనో హై ఫ్లక్స్‌కు మారితే ఫలితం శూన్యం. ఆ రెండింటి విషయంలో రెండు రకాలూ ఒకటే. బీటా 2 మైక్రోగ్లోబ్యులిన్ ఒంట్లో పేరుకుపోయి ఇబ్బంది పెట్టడానికి ఏళ్లు పడుతుంది. డయాలసిస్ మీద చాలాకాలం ఉన్నవారికి భుజాల నొప్పి, మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయి రాత్రిళ్లు చేతివేళ్లు తిమ్మిరెక్కడం వంటివి చూస్తుంటాం. హై ఫ్లక్స్ అసలు పని అక్కడ.

దీనిమీద జరిగిన పెద్ద అధ్యయనాలు రెండు మీకు తెలిస్తే మంచిది. అమెరికాలో 1,846 మందితో జరిగిన హీమో అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చాయి. మొత్తం మీద చూస్తే హై ఫ్లక్స్ వాడినవారికీ లో ఫ్లక్స్ వాడినవారికీ మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అప్పటికే నాలుగేళ్లకు దగ్గరగా డయాలసిస్ మీద ఉన్నవారిలో మాత్రం హై ఫ్లక్స్ వైపు కొంత మేలు కనిపించింది. 2009లో వచ్చిన యూరప్ అధ్యయనంలో కూడా మొత్తం మీద తేడా తేలలేదు గానీ, రక్తంలో ఆల్బుమిన్ డెసిలీటరుకు 4 గ్రాములు లేదా అంతకన్నా తక్కువ ఉన్నవారు హై ఫ్లక్స్‌తో ఎక్కువకాలం బతికారు. మీ నాన్నగారికి అన్నం సహించడం లేదన్నారు కాబట్టి ఈ రెండోది మీకు పనికొచ్చే సమాచారం. రేపు రక్తం ఇచ్చేటప్పుడు సీరం ఆల్బుమిన్ కూడా చూడమని అడగండి. అది 3.5 లోపు ఉంటే హై ఫ్లక్స్ గురించి నెఫ్రాలజిస్టుతో (కిడ్నీ డాక్టరుతో) మాట్లాడటానికి మీకు ఒక బలమైన కారణం దొరికినట్టే. ఒక్కటి గుర్తుంచుకోండి: హీమోలో పాల్గొన్నవారంతా వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకున్నవారు. రెండుసార్లు చేయించుకునే మనవాళ్లకు ఆ అంకెలు యథాతథంగా అతకవు.

ఇప్పుడు సమయం సంగతి. ఇక్కడ కొంచెం లెక్క చేద్దాం.

46 కిలోల మనిషి ఒంట్లో నీరు సుమారు 29 లీటర్లు ఉంటుందనుకుందాం. యంత్రం నిమిషానికి 180 మిల్లీలీటర్ల రక్తం నుంచి యూరియాను పూర్తిగా తీసేస్తోందనుకుందాం. మూడున్నర గంటలంటే 210 నిమిషాలు, శుభ్రమైనది 37.8 లీటర్లు. దాన్ని 29తో భాగిస్తే 1.3. అదే నాలుగు గంటలు కూర్చుంటే 43.2 లీటర్లు, భాగిస్తే దాదాపు 1.5. మీ రిపోర్టుల మీద కేటీ బై వీ అని రాసేది ఈ అంకెనే. వారానికి మూడుసార్లు చేయించుకునేవారికి ఒక్కోసారికి కనీసం 1.2, లక్ష్యం 1.4. వారానికి రెండుసార్లే అయితే, మూత్రం కూడా సరిగ్గా రాకపోతే, 1.2తో సరిపెట్టుకోవడం కుదరదు. అరగంట పెంచితే పైసా ఖర్చు లేకుండా ఒక్కో డయాలసిస్‌లో ఐదు లీటర్లకు పైగా అదనంగా శుభ్రమవుతుంది. వారానికి మూడో డయాలసిస్ దొరికితే ఇక చెప్పక్కర్లేదు. అంత మేలు ఏ డయలైజర్ మార్పుతోనూ రాదు.

నిజానికి చాలాచోట్ల మూడున్నర గంటలు అని రాసి ఉన్నదాంట్లో అసలు నడిచే సమయం ఇంకా తక్కువ. సూదులు పెట్టడం, మధ్యలో అలారం మోగి పంపు ఆగడం, బీపీ పడిపోతే కాళ్లు ఎత్తిపెట్టి సెలైన్ ఎక్కించడం, చివర్లో ఇంటికి వెళ్లే ఆటో వెళ్లిపోతుందని రోగే "ఇక చాలు, తీసేయండి" అనడం. సోంపేట, కంచిలి వైపు ఆటో ఆఖరి ట్రిప్పు కోసం పావుగంట ముందే సూదులు తీయించుకునే వాళ్లను నేనెందరినో చూశాను. ఆ పావుగంటలన్నీ నెలకు లెక్కేసుకోండి. యంత్రం తెర మీద పంపు నడిచిన అసలు సమయం, శుభ్రమైన రక్తం లీటర్లలో కనిపిస్తాయి. డయాలసిస్ అయ్యాక ఆ అంకెను ఫోనుతో ఫొటో తీసుకోండి. సిబ్బంది ఏమీ అనుకోరు, ఒకవేళ అనుకున్నా ఫరవాలేదు.

రెండోది రక్తం వేగం. పంపు నిమిషానికి 200 మిల్లీలీటర్ల వద్ద తిరుగుతుంటే, ప్రపంచంలో ఏ డయలైజరూ నిమిషానికి 200 మిల్లీలీటర్లకు మించి శుభ్రం చేయలేదు. వచ్చిందే అంత కదా. అంత తక్కువ వేగంలో చిన్న డయలైజర్ తీసి పెద్దది పెట్టినా పెరిగేది నిమిషానికి కొన్ని మిల్లీలీటర్లే. పెద్ద డయలైజర్ ఉపయోగం బయటపడేది పంపు 300 దాటినప్పుడే. కాబట్టి మీ నాన్నగారి పంపు వేగం ఎంతో తెర మీద చూడండి. 200, 220 దగ్గరే ఉంటే ఎందుకో అడగండి. ఇంకా మెడ దగ్గర పెట్టిన కాథెటర్ గొట్టం మీదే నడుస్తోందా? ఫిస్టులా ఉండి కూడా 17 నంబరు సన్నసూదులే వాడుతున్నారా? 16 నంబరుకు మారితే పంపును ఇంకా పెంచవచ్చు. ఫిస్టులా చెయ్యి మీద వేళ్లు ఆనించి చూస్తే సన్నగా ప్రకంపన తగలాలి. అది మునుపటికంటే బలహీనపడిందా, లేక గట్టిగా కొట్టుకుంటున్న నాడిలా మారిందా? అలా అయితే నరం ఎక్కడో సన్నబడిందన్న అనుమానంతో డాప్లర్ స్కాన్ చేయించాలి. ఏడాదిగా ఫిస్టులా మీద ఉన్న మనిషికి అకస్మాత్తుగా యూరియా పెరుగుతూ పోతుంటే, నేను ముందు చూసేది ఆ చెయ్యినే. డయలైజర్ వైపు చూపు ఆ తర్వాతే.

డయాలసిస్ సరిపోతోందో లేదో తెలుసుకోవడానికి యూరియా తగ్గుదల పరీక్ష చాలు. మొదలుపెట్టకముందు యూరియా 120 ఉండి, అయ్యాక 42 ఉంటే 65 శాతం తగ్గినట్టు. వారానికి మూడుసార్లు చేసేచోట అది కనీస గీత. ఇక్కడొక చిన్న మెలిక ఉంది. చివరి శాంపిల్ తీసే పద్ధతి తప్పితే అంకె అందంగా వస్తుంది, మనిషి మాత్రం బాగుపడడు. పంపును 100కు తగ్గించి, పదిహేను సెకన్లు ఆగి, ఆర్టీరియల్ లైను (ఒంట్లోంచి యంత్రానికి రక్తం వచ్చే గొట్టం) నుంచే తీయాలి. పంపు పూర్తి వేగంలో ఉండగానో, వీనస్ వైపు నుంచో తీస్తే ఇప్పుడే శుభ్రమైన రక్తం అందులో కలిసిపోయి ఫలితం అబద్ధం చెబుతుంది.

ఇక డయలైజర్ సైజు. డబ్బా మీద 1.3, 1.5, 1.8, 2.1 అని చదరపు మీటర్లలో రాసి ఉంటుంది, గొట్టాలన్నిటి లోపలి వైశాల్యం అది. మీరు కొన్నవి 1.8 అన్నారు. 46 కిలోల మనిషికి 1.3 నుంచి 1.5 సాధారణంగా సరిపోతుంది. ఎనభై కిలోల మనిషికి 1.8, ఆపైన అడుగుతాం. పెద్దది పెడితే తప్పేమిటంటే, దాని లోపల నిలిచే రక్తం ఎక్కువ. 1.3కు దాదాపు 80 మిల్లీలీటర్లు, 1.8కు 100 పైన. లైన్లలో ఉండేది దీనికి అదనం. సన్నగా ఉండి, హీమోగ్లోబిన్ 8 దగ్గర ఉన్న మనిషికి మొదటి పది నిమిషాల్లోనే బీపీ పడిపోవడానికి ఆ తేడా కూడా తోడవుతుంది. చివర్లో రక్తం పూర్తిగా తిరిగి ఎక్కించకపోతే పోయేదీ ఎక్కువే. కొత్తగా డయాలసిస్ మొదలుపెట్టేవారికి కావాలనే చిన్న డయలైజర్ పెట్టి, రెండు గంటలే, నెమ్మదిగా చేస్తారు. యూరియా ఒక్కసారిగా పడిపోతే మెదడులో వాపు వచ్చి తలనొప్పి, వాంతులు, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి కాబట్టి.

హై ఫ్లక్స్ పెడితే నీళ్లు ఎక్కువ తీయవచ్చన్న అపోహ మీ బావగారి మాటల్లోనూ ఉంది. డయలైజర్ తీయగలిగినదానికీ, గుండె తట్టుకోగలిగినదానికీ సంబంధం లేదు. కిలో బరువుకు గంటకు 13 మిల్లీలీటర్లు దాటకూడదన్నది మేం పాటించే హద్దు. 46 కిలోలకు గంటకు సుమారు 600, నాలుగు గంటలకు 2.4 లీటర్లు. మీ నాన్నగారు మూడున్నర కిలోలు పెరిగి వస్తే, ఏ డయలైజర్ పెట్టినా కండరాలు పట్టేస్తాయి, బీపీ పడుతుంది. దారి ఒకటే: సమయం పెంచడం, లేకపోతే ఉప్పు తగ్గించి దాహం తగ్గించుకోవడం. ఎండుచేప కూర, ఊరగాయ పచ్చడి ఉన్న ఇంట్లో "నీళ్లు తాగకు నాన్నా" అని ఎంత మొత్తుకున్నా లాభం లేదు.

మన కవిటి, సోంపేట వైపు ఉద్దానం ప్రాంతపు కిడ్నీ రోగుల విషయంలో ఒక ప్రత్యేకత ఉంది, దాని గురించి కొంచెం ఎక్కువగానే రాస్తాను. కారణం ఇదని ఇప్పటికీ తేలని ఆ జబ్బులో దెబ్బతినేది ఎక్కువగా కిడ్నీలోని సన్ననాళాలూ వాటి చుట్టూ ఉన్న కణజాలమూ. అందుకే చాలామందికి కాళ్లవాపు, మూత్రంలో ప్రోటీన్ మొదట్లో పెద్దగా ఉండవు, క్రియాటినిన్ బాగా పెరిగాక గానీ బయటపడదు. అందుకే డయాలసిస్ మొదలయ్యాక కూడా చాలామందికి మూత్రం బాగానే వస్తుంది. షుగర్ వల్ల కిడ్నీ పోయిన రోగితో పోలిస్తే ఇది ఎంతో మేలైన సంగతి. ఆ కొంచెం మిగిలిన కిడ్నీ రాత్రీ పగలూ ఆగకుండా పనిచేస్తుంది. హై ఫ్లక్స్ కోసం మనం తాపత్రయపడే ఆ బీటా 2 మైక్రోగ్లోబ్యులిన్‌ను కూడా అది తీసేస్తుంది, అదీ రూపాయి ఖర్చు లేకుండా.

కాబట్టి మీరు వెంటనే చేయాల్సిన పరీక్ష ఇది. ఒక రోజు పొద్దున లేవగానే వచ్చిన మూత్రం వదిలేసి, అప్పటి నుంచి మర్నాడు పొద్దున మొదటి మూత్రం వరకు అంతా ఒక శుభ్రమైన డబ్బాలో పట్టండి. ఎంత వచ్చిందో కొలిచి, అందులో యూరియా, క్రియాటినిన్ చూపించండి. రోజుకు అర లీటరు పైన వస్తుంటే వారానికి రెండుసార్లు కొంతకాలం సరిపోతుందో లేదో నెఫ్రాలజిస్టు లెక్కకట్టి చెప్పగలరు. మూత్రం వంద మిల్లీలీటర్లు కూడా లేకపోతే వారానికి రెండుసార్లు చాలవు. మీ నాన్నగారి దురద, ఆకలి లేకపోవడం, నిద్ర లేకపోవడం, మూడూ కలిసి చూస్తే డయాలసిస్ చాలడం లేదేమోనన్న అనుమానమే నాకు ముందు వస్తుంది. దురదకు ఫాస్ఫరస్ కూడా కారణం కావచ్చు. డయలైజర్ పడకపోవడం వల్ల వచ్చే దురద అయితే సూదులు పెట్టిన అరగంటలో మొదలవుతుంది, ఇంట్లో ఉన్న రోజున రాదు.

మిగిలిన ఆ కాస్త కిడ్నీని కాపాడుకోవాలంటే రెండు చేయకూడదు. ఒకటి, డయాలసిస్‌లో అవసరానికి మించి నీళ్లు తీయించి బీపీ పడిపోయేలా చేసుకోకూడదు. మూత్రం బాగా వచ్చే మనిషికి "ఎందుకైనా మంచిది, రెండు లీటర్లు తీసేద్దాం" అనడం మంచిది కాదు. రెండు, తోటపనికి వెళ్లి వచ్చి ఒళ్లునొప్పులకు మందుల షాపులో డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు కొని వేసుకోకూడదు. ఎలాగూ డయాలసిస్ చేస్తున్నారు కదా, ఇక కిడ్నీకి పోయేదేముందని చాలామంది అనుకుంటారు. పోయేది చాలా ఉంది.

హై ఫ్లక్స్‌కు ఇంకో షరతు ఉంది, దాని సంగతి దుకాణంలో ఎవరూ చెప్పరు. ఒక్కో డయాలసిస్‌కు సుమారు 120 లీటర్ల ద్రవం మీ నాన్నగారి రక్తం పక్కనుంచి ప్రవహిస్తుంది. హై ఫ్లక్స్ పొరలో కొంతమేర ఆ ద్రవం వెనక్కి రక్తంలోకి కూడా వస్తుంది. కాబట్టి ఆర్ఓ ప్లాంటు నీళ్లు ఎంత శుభ్రంగా ఉండాలో అంత శుభ్రంగా ఉండి తీరాలి. ప్రమాణాల ప్రకారం మిల్లీలీటరుకు బాక్టీరియా 100 లోపు, ఎండోటాక్సిన్ (బాక్టీరియా నుంచి వచ్చే విషపదార్థం) 0.25 యూనిట్ల లోపు. యంత్రంలో ద్రవాన్ని చివరిసారి వడకట్టే ఎండోటాక్సిన్ ఫిల్టర్ ఉంటే మరీ మంచిది. తాగడానికి పనికొచ్చిన నీళ్లు డయాలసిస్‌కు పనికిరావు. హిరమండలం రిజర్వాయరు నుంచి ఉద్దానానికి వచ్చే పైపుల నీళ్లయినా అంతే. తాగునీటిలో కలిపే క్లోరిన్‌ను కార్బన్ ట్యాంకులో తీసేయకపోతే ఎర్రరక్తకణాలు పగిలిపోతాయి. నీళ్ల పరీక్ష చివరిసారి ఎప్పుడు జరిగిందని అడిగే హక్కు మీకుంది. ఒక గుర్తు చెబుతాను: ఒకే షిఫ్టులో ఇద్దరు ముగ్గురికి మధ్యలో చలి, వణుకు వస్తే నీళ్లను అనుమానించాలి. కాథెటర్ ఉన్న ఒక్కరికే వస్తే కాథెటర్‌లో ఇన్ఫెక్షన్‌ను అనుమానించాలి. అలాగే నీళ్లు తీయడాన్ని కచ్చితంగా కొలిచి అదుపు చేసే యంత్రం లేకుండా హై ఫ్లక్స్ పెట్టకూడదు. ఇప్పుడు వాడుకలో ఉన్న యంత్రాల్లో ఆ సౌకర్యం ఉంటుంది, ఆ విషయంలో భయం అక్కర్లేదు.

పొర దేనితో తయారైందన్నది ఇప్పుడంత పెద్ద సమస్య కాదు. పాతకాలపు సెల్యులోజ్ పొరలు రక్తాన్ని రెచ్చగొట్టేవి. ఇప్పుడు ఎక్కువగా దొరికేవి పాలిసల్ఫోన్, పాలీఈథర్‌సల్ఫోన్. ఫ్రెసీనియస్, నిప్రో, బి బ్రౌన్ లాంటి కంపెనీలవి. ఒకే తరగతిలో కంపెనీ మారితే వచ్చే తేడా తక్కువ. పాలిసల్ఫోన్ పడనివారికి సెల్యులోజ్ ట్రైఅసిటేట్ పొర పెడతారు. ఏఎన్ 69 అనే పొర వాడేచోట మాత్రం ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు వేసుకునేవారికి తీవ్రమైన రియాక్షన్ రావచ్చు, ముందే చెప్పాలి. వీటికంటే నేను ముందు చూసేది స్టెరిలైజ్ చేసిన పద్ధతి. డబ్బా మీద ఇథిలీన్ ఆక్సైడ్ అని ఉందా, గామా అని ఉందా, ఆవిరి అని ఉందా? ఇథిలీన్ ఆక్సైడ్ కొందరికి పడదు. మొదటి కొద్ది నిమిషాల్లోనే ఒళ్లు మంట, ఆయాసం, గొంతు పట్టేయడం వస్తాయి. అలాంటప్పుడు వెంటనే ఆపేసి, లైన్లలోని రక్తాన్ని వెనక్కి ఎక్కించకుండా పారేయాలి. ఇంతకుముందు అలా జరిగి ఉంటే ఆవిరితోనో గామాతోనో స్టెరిలైజ్ చేసినదే కావాలని కేస్ షీటు మీద పెద్ద అక్షరాలతో రాయించండి.

కడిగి మళ్లీ వాడటం గురించి. అది దానంతటదే నేరం కాదు. ఒకప్పుడు అమెరికాలో కూడా చాలా కేంద్రాల్లో చేసేవారు. పద్ధతిగా చేస్తే ఒక రోగి డయలైజర్ ఆ రోగికే, పేరు రాసి, పెరాసెటిక్ యాసిడ్ లాంటి ద్రావణంతో నింపి ఉంచుతారు. ప్రతిసారీ లోపల ఎంత ద్రవం పడుతోందో కొలుస్తారు. కొత్తగా ఉన్నప్పుడు 100 మిల్లీలీటర్లు పట్టినది 80కి తగ్గితే పారేయాలి. కొన్ని గొట్టాలు గడ్డకట్టి మూసుకుపోయాయని అర్థం. మళ్లీ వాడేముందు రసాయనం మిగిలి ఉందేమో స్ట్రిప్పుతో చూడాలి. హెపటైటిస్ బి ఉన్నవారి డయలైజర్ మళ్లీ వాడకూడదు. ఈ లెక్కలు రాసిన పుస్తకం చూపించలేని చోట మళ్లీ వాడటానికి ఒప్పుకోవద్దు. మీరు రాసినదాన్ని బట్టి ఆ ఆసుపత్రిలో పేరు చీటీ కూడా ఉండేది కాదు. కాబట్టి మీ నాన్నగారికి హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి పరీక్షలు ఈ మధ్య చేయకపోయి ఉంటే చేయించండి. హెపటైటిస్ బి టీకాలు కూడా పూర్తయ్యాయో లేదో చూడండి, డయాలసిస్ రోగులకు ఆ టీకా మోతాదు మామూలుకన్నా ఎక్కువ ఉంటుంది.

మీ అంతట మీరు కంటితో చూసి తెలుసుకోగలిగింది ఒకటుంది. డయాలసిస్ అయిపోయి, సెలైన్‌తో రక్తం వెనక్కి ఎక్కించాక డయలైజర్ వైపు చూడండి. లోపలి గొట్టాలు తెల్లగా, అక్కడక్కడ లేత గులాబీ చారలతో ఉంటే అంతా సవ్యంగా జరిగినట్టు. ముదురు ఎరుపు చారలు కట్టలు కట్టలుగా ఉన్నా, పై మూతలో గడ్డ కనిపించినా, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ చాలలేదు, లేకపోతే పంపు చాలాసార్లు ఆగింది, లేదా మొదట్లో సెలైన్‌తో గాలి పూర్తిగా తోలలేదు. సగం గొట్టాలు మూసుకుపోయిన 1.8 హై ఫ్లక్స్ కన్నా శుభ్రంగా నడిచిన 1.3 లో ఫ్లక్స్ నయం. ఇలా ప్రతిసారీ జరుగుతుంటే మీ నాన్నగారి రక్తం కూడా కొంచెం కొంచెం పోతున్నట్టే. ఇంజెక్షన్లు వేస్తున్నా హీమోగ్లోబిన్ పెరగకపోవడానికి అది ఒక కారణం.

తిండి గురించి ఒక్క మాట, ఎందుకంటే మంచి ఫిల్టర్ పెట్టిస్తే కొబ్బరినీళ్లు తాగవచ్చా అని కూడా మీరు అడిగారు. వద్దు. కొబ్బరినీళ్లలో పొటాషియం చాలా ఎక్కువ, జీడిపప్పులో పొటాషియం, ఫాస్ఫరస్ రెండూ ఎక్కువ. పెరట్లో కొబ్బరిచెట్టు, వాకిట్లో జీడితోట ఉన్న మనిషికి ఈ మాట చెప్పడం కష్టమే. వారానికి రెండుసార్లు డయాలసిస్ అంటే ఒక విరామం నాలుగు రోజులు ఉంటుంది. ఆ నాలుగో రోజు పొటాషియం గుండెను ఆపేయగలదు. ముందే చెప్పినట్టు, పొటాషియం విషయంలో ఖరీదైన డయలైజర్‌కూ మామూలుదానికీ తేడా లేదు.

హీమోడయాఫిల్ట్రేషన్ (రక్తంలోంచి చాలా ద్రవాన్ని పొర గుండా లాగి, బదులుగా శుద్ధ ద్రవాన్ని ఎక్కించే డయాలసిస్ పద్ధతి) గురించి, మీడియం కటాఫ్ అనే కొత్తరకం పొరల గురించి మీ బావగారు పంపిన వీడియో చూశాను. హీమోడయాఫిల్ట్రేషన్ మీద 2023లో వచ్చిన కన్విన్స్ అధ్యయనంలో 1,360 మందిని తీసుకుంటే, హై ఫ్లక్స్ డయాలసిస్ చేయించుకున్నవారిలో 21.9 శాతం, హీమోడయాఫిల్ట్రేషన్ చేయించుకున్నవారిలో 17.3 శాతం చనిపోయారు. మంచి ఫలితమే. కానీ దానికి ఒక్కో డయాలసిస్‌లో 23 లీటర్లు ఆ పద్ధతిలో మార్చాలి, అంటే బలమైన ఫిస్టులా, అతిశుద్ధమైన నీళ్లు, ప్రత్యేక యంత్రం కావాలి. మీ నాన్నగారి ప్రస్తుత పరిస్థితికి అది చాలా దూరపు మాట. మీడియం కటాఫ్ పొరలు మామూలు యంత్రం మీదే నడుస్తాయి గానీ ఖరీదెక్కువ, ఎక్కువకాలం బతికిస్తాయన్న రుజువు ఇంకా బలపడలేదు.

కాబట్టి వచ్చేవారం ఇలా చేయండి. 24 గంటల మూత్రం, ఆల్బుమిన్, ఫాస్ఫరస్, ముందూ వెనకా యూరియా, ఈ నాలుగు ఫలితాలు, తెర మీది పంపు వేగం ఫొటో తీసుకుని నెఫ్రాలజిస్టు దగ్గరకు వెళ్లండి. 2023 డిసెంబరులో పలాసలో మొదలైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మీకు దగ్గర. ఒకప్పటిలా రైలెక్కి విశాఖ వెళ్లనక్కర్లేదు. నాలుగు గంటలు, కుదిరితే మూడో డయాలసిస్ రాసిమ్మని అడగండి. ప్రభుత్వ పథకం కింద ఉచితంగా జరుగుతున్నదాన్ని పెంచమని అడగడానికి మొహమాటపడకండి. ఆ రాసిచ్చిన కాగితంతో కేంద్రంలో షిఫ్టు అడగడం, ఊరికే నోటిమాటతో అడగడం ఒకటి కాదు. డయాలసిస్ పింఛను డబ్బు గుడ్లకు, చేపకు, ఆటో ఖర్చుకు పెట్టండి. ఆల్బుమిన్ పెరగడానికి మాంసకృత్తులు కావాలి. డయాలసిస్ మొదలుకాకముందు పప్పు, గుడ్డు తగ్గించమని పెట్టిన పథ్యం ఇంకా అలాగే పాటిస్తున్నారేమో కూడా చూడండి. డయాలసిస్‌లో కొంత మాంసకృత్తు పోతుంది కాబట్టి ఇప్పుడు ఆ పథ్యం సడలించాలి. ఎంత అన్నది డైటీషియన్ చెబుతారు.

మీరు ఇప్పటికే కొన్న ఆ రెండు 1.8 హై ఫ్లక్స్ డయలైజర్లను సీలు తీయకపోతే దుకాణం వాళ్లు వెనక్కి తీసుకుంటారేమో ముందు అడగండి. తీసుకోకపోతే గడువు తేదీ చూసి, ఎండ, వేడి తగలని చోట, కవరు చిరగకుండా పెట్టండి. వంటగది అటకమీద వద్దు. నెఫ్రాలజిస్టు ఒప్పుకుని కేస్ షీటు మీద రాస్తేనే వాడించండి. వాడే రోజున ఆ సంగతి టెక్నీషియన్‌కు ముందే చెప్పండి, కొత్త డయలైజర్‌కు హెపారిన్ మోతాదు, సెలైన్‌తో కడగాల్సిన కొలత ఆయన చూసుకోవాలి. మీ నాన్నగారికి ఇన్ఫెక్షన్ కోసం వాంకోమైసిన్ ఇంజెక్షన్ నడుస్తుంటే ఆ సంగతీ చెప్పాలి. హై ఫ్లక్స్ ఆ మందును కూడా లాగేస్తుంది, మోతాదు మళ్లీ లెక్కకట్టాల్సి ఉంటుంది.